కాజేసిన కొమ్మలు

మీరిమ్ చెయ్యి క్రోటన్ వైపు వెళ్లడం బురుల్‌కాన్ చూసింది. చూసి, వెంటనే మొహం అవతలికి తిప్పుకుని, ఆసుపత్రి వరండా గోడ మీది టీకాల పోస్టరు చదవడం మొదలుపెట్టింది. ఆ పోస్టరు అక్కడ అంటించింది తనే. అయినా ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు పైనుంచి కింది దాకా చదివింది. వెనక చిన్నగా 'టిక్' మన్న చప్పుడు వినబడ్డాక కూడా ఇంకాసేపు ఆగి, అప్పుడు తిరిగింది. మీరిమ్ వంచిన తల ఎత్తకుండా నేల తుడుస్తోంది. ఆమె పనికోటు జేబు కాస్త ఉబ్బి ఉంది.

మర్యాద తెలిసినవాళ్లు చేసే పని అదే. అడిగి తెచ్చుకున్న కొమ్మ వేరు పట్టదనీ, కొన్న మొక్క మూతి ముడుచుకుని కూర్చుంటుందనీ, ఎవరూ చూడకుండా గిల్లుకొచ్చిందే కిటికీ నిండా పెరుగుతుందనీ మా ఊళ్లో పుట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు. గిల్లేవాళ్లు గిల్లాలి, మొక్క గలవాళ్లు మొహం తిప్పుకోవాలి. ఇందులో దొంగతనమన్న మాటే లేదు. ఎటొచ్చీ గోరుతో పీకి చీలికలు చేసేవాళ్లంటేనే బురుల్‌కాన్‌కు ఒళ్లు మంట. మీరిమ్ అలా చేయలేదు. తర్వాత దగ్గరికి వెళ్లి చూస్తే కణుపు కింద శుభ్రంగా తుంచి ఉంది. కారిన పాలు కూడా గుడ్డతో అద్ది వెళ్లింది.

అయితే ఆ వరండాలో కెమెరా కూడా ఉంది. కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరు చినారా ఎసెనోవ్నా రాజధాని బిష్కెక్ నుంచి వస్తూనే పెట్టించిన వాటిలో అదొకటి. తలుపు పైన నల్లగా, గుడ్డంత, కదలకుండా కూర్చుని ఉంటుంది. మొహం తిప్పుకోవాలని దానికి ఎవరూ నేర్పలేదు.

బురుల్‌కాన్ ఆ ఆసుపత్రిలో ఇంజెక్షన్ల గది నర్సు. పింఛను వయసు దాటిపోయినా ఏడాదికోసారి ఒప్పందం తిరగరాయించుకుని పనిచేస్తోంది. పైఅంతస్తులో వరండా పొడుగునా పెద్ద కిటికీలు. కిటికీ కింద ఇనప రేడియేటరు, కిటికీ గట్టు నిండా మొక్కలు. బయట ఉమ్మి నేలన పడేలోపు గడ్డకట్టే జనవరి. లోపల ఎర్ర ఆకులు, పసుపు మచ్చల ఆకులు, వంకాయరంగు వీపుతో వెండి చారల ఆకులు. సూది భయంతో ఏడ్చే పిల్లలకి తల్లులు ముందు వాటిని చూపించి, తర్వాత గదిలోకి తీసుకొస్తారు.

రోజూ అందరికంటే ముందొచ్చి రేడియేటర్ల మీద తడి తువ్వాళ్లు వేస్తుంది బురుల్‌కాన్. అవి లేకపోతే ఆ పొడి వేడికి ఆకుల అంచులు గోధుమరంగు తిరిగి పొడిపొడిగా రాలిపోతాయి. కుళాయి నీళ్లు చల్లగా పోస్తే వేళ్లు కుళ్లుతాయని సీసాల్లో పట్టి గట్టు కింద పెడుతుంది, పొద్దుటికి గోరువెచ్చగా ఉంటాయి. దూదితో ఆకు ఆకూ తుడుస్తుంది. చక్రాలు ఊడిన సెలైన్ స్టాండుకి పాకే మొక్కను కట్టింది. కిటికీ రెక్కల మధ్య చలిగాలి రాకుండా దూది కుక్కి కాగితం అంటించింది. మోకాళ్లు సహకరించని రోజున కూడా ఈ పని మానలేదు. ఎవరు చెయ్యమన్నారని అడిగితే జవాబు లేదు. మూలన నిలబడ్డ క్రోటన్‌ని చూస్తే మాత్రం ఎందుకో తెలుస్తుంది. మనిషెత్తు చెట్టు అది. ఒకే కొమ్మ మీద ఒక ఆకు నిప్పులా, పక్క ఆకు పచ్చసొనలా ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం పెద్ద డాక్టరు నుంచి పిలుపు వచ్చింది.

"కూర్చోండి బురుల్‌కాన్ ఎజే," అంది చినారా ఎసెనోవ్నా. ఎజే అంటే అక్క, అలా పిలిచినా వయసులో బురుల్‌కాన్ కూతురంత ఉంటుంది. కళ్ల కింద నలుపు. బల్ల మీద తాగకుండా వదిలేసిన పాల టీ మీద మీగడ కట్టింది. ఫోను ఇటు తిప్పి చూపించింది. అందులో మీరిమ్ కొమ్మ తుంచి జేబులో వేసుకుంటోంది. అదే బొమ్మలో ఓ పక్కన, గోడకి మొహం పెట్టుకుని నిలబడ్డ బురుల్‌కాన్ వీపు కూడా ఉంది.

"మీరు చూడలేదనుకుంటా."

"పోస్టరు చదువుతున్నా."

"ఆ పోస్టరు పడిపోయేలా ఉంటే సరిచేయండి," అని నిట్టూర్చింది చినారా. "ఎజే, నేను వచ్చినప్పటినుంచీ ఈ భవనంలో మూడు కుళాయిలు పోయాయి. బల్బులు పోయాయి. మరుగుదొడ్డి తలుపు గడియ పోయింది! మరుగుదొడ్డి గడియతో ఎవరికేం పని? ఎవర్ని అడిగినా తెలీదంటారు. అందరూ మీలాగే పోస్టర్లు చదువుతుంటారు. ఇప్పుడు ఒక్కరు దొరికారు."

"కొమ్మండీ అది. కుళాయి కాదు."

"దానికి నంబరుంది."

ఉంది. శరదృతువులో స్టోరుకీపరు తెల్ల పెయింటు డబ్బా పట్టుకుని తిరిగి కుర్చీలకి, బకెట్లకి, మంచాలకి, పూలకుండీలకి అన్నిటికీ నంబర్లు వేశాడు. అప్పుడు బురుల్‌కాన్‌కు నవ్వొచ్చింది. కుండీ నీలంగా ఉంది, దాని మీద తెల్ల అంకె బాగుంది కూడాననుకుంది.

"మొక్కలు మీ బాధ్యత. మీరు ఫిర్యాదు సంతకం పెడితే చాలు. సోమవారం ఆమెను పనిలోంచి తీసేస్తాను. నాకు ఆమె మీద కోపం లేదు. కానీ ఒక్కరి మీదైనా చర్య తీసుకోకపోతే వచ్చే నెలకి రేడియేటర్లు కూడా ఊడదీస్తారు." చినారా కాగితం ముందుకు తోసింది. "మీ ఒప్పందం కూడా ఈ నెలాఖరుకే కదా. అది నేను మర్చిపోలేదు."

ఆ చివరి మాట బెదిరింపో భరోసానో బురుల్‌కాన్‌కు అర్థం కాలేదు. చెప్పినావిడకి కూడా సరిగ్గా తెలిసినట్టు లేదు. కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది. "కళ్లద్దాలు కింద ఉన్నాయి. చదివి పెడతాను," అంది. అద్దాలు మెడలోనే వేలాడుతున్నాయి.

*

మెట్ల కింద బకెట్లు, చీపుళ్లు పెట్టుకునే గూడులాంటి గదిలో మీరిమ్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని నూనెలో వేయించిన పిండిముద్దలు, బూర్సోక్, తింటోంది. వేళ్లన్నీ బ్లీచింగు వాసన. విషయం అప్పటికే ఆమెకి తెలుసు. ఆసుపత్రిలో కబురు లిఫ్టు కోసం ఆగదు, అసలు లిఫ్టే లేదు.

"తినండి ఎజే," అని పొట్లం చాపింది. "నిన్నటివి. గట్టిబడ్డాయి."

బురుల్‌కాన్ ఒకటి తీసుకుని పక్కన మెట్టు మీద కూలబడింది.

"అంత రంగుల చెట్టే కావాలా పిల్లా నీకు? అదే గట్టు మీద అత్తగారి నాలుక ఉంది, చంపినా చావదు. ఆడోళ్ల కబుర్లు తీగ ఉంది, ముక్క విసిరేసినా పాకుతుంది. క్రోటన్‌కు ఇంత చల్లగాలి తగిలితే అలిగి ఆకులన్నీ రాలుస్తుంది. మహారాణి అది."

"అత్తగారి నాలుక మా ఇంట్లో ఒరిజినలే ఉంది," అంది మీరిమ్. ఇద్దరూ నవ్వారు, ఎక్కువసేపు కాదు.

"మేం ఇల్లు మారాం ఎజే. ఇన్నాళ్లూ నేలమాళిగలో ఉన్నాం కదా, పైన బూట్లు నడవడం తప్ప ఏం కనబడేది కాదు. ఇప్పుడు రెండో అంతస్తు. కిటికీ ఉంది! దాని కింద రేడియేటరు, చెయ్యి పెడితే కాలుతుంది. మొదటి రోజు నేను అన్నం వండకుండా కిటికీ దగ్గరే కూర్చున్నా. మా ఆయన తిట్టాడు. కిటికీ అన్నాక ఏదో ఒకటి ఉండాలి కదా. మంచిదే ఉండాలనిపించింది. అంతే."

"వేరు పట్టేలా ఉందా?"

"గ్లాసులో పెట్టా. మీద సంచి కప్పా."

"కోసిన చోట పాలు ఆరనిచ్చావా? ముందు కాస్త గోరువెచ్చని నీళ్లలో కడిగావా?"

"కడిగాను లెండి. మీరు ప్రతివాళ్లకీ చెప్తుంటే రోజూ వినట్లేదా?" మీరిమ్ పొట్లం మడిచింది. "సంతకం పెట్టండి ఎజే. నాకేం కాదు. తుడవడానికి ఊళ్లో నేలలు తక్కువా?"

తక్కువే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. గని మూతపడ్డాక ఊళ్లో మొగవాళ్లకే పనిలేదు. ఆ కిటికీ ఉన్న గది కూడా ఈ జీతం చూసి దొరికినదే. బురుల్‌కాన్ ఇంటికెళ్లి కొడుకుతో చెప్తే, "నీకెందుకమ్మా, పెట్టేసి రా. నీ ఉద్యోగం పోతే నీ బీపీ మాత్రలెవరు కొంటారు?" అన్నాడు. కోడలు మాంసం తరుగుతూ ఒక్కసారి తలెత్తి చూసింది. రాత్రంతా అటూ ఇటూ దొర్లి తెల్లారి లేచేసరికి బురుల్‌కాన్‌కు విసుగు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ విసుగులోనే ఏం చేయాలో కూడా తట్టింది.

*

గురువారం పొద్దుటి సమావేశంలో డాక్టర్లు ముందు వరసలో, నర్సులు గోడవార, పనివాళ్లు తలుపు దగ్గర నిలబడతారు. చినారా ఎసెనోవ్నా ఫ్లూ కేసులు చెప్పింది, సిరంజీలు పొదుపుగా వాడమంది, చివరికి, "బురుల్‌కాన్ ఎజే, ఆ కాగితం?" అంది.

బురుల్‌కాన్ కుర్చీ వీపు పట్టుకుని లేచింది. మోకాలు 'కలుక్కు' మంది.

"కాగితంలో ఆసుపత్రి సొత్తు అని ఉందండీ. అది తప్పు. తప్పు కాగితం మీద నేనెలా సంతకం పెడతాను?"

"ఏం తప్పు?"

"ఆ మొక్కలు ఆసుపత్రివి కావు."

"మీ సొంతమా?"

"నావీ కావు. అన్నీ నేను కాజేసినవి." గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. బురుల్‌కాన్ నవ్వలేదు, లెక్క అప్పజెప్పే మనిషిలా వేళ్లు మడిచింది. "క్రోటను సరస్సు ఒడ్డు శానిటోరియంలో, భోజనాల హాల్లో గిల్లాను. బ్రాలో పెట్టుకుని బస్సులో తెచ్చా, దారంతా దురద. ఎర్ర కోలియస్ నోటరీ గదిలోది. నోటరీ ముద్ర వేస్తూ కిందికి చూసినప్పుడు. పెళ్లిళ్లు నమోదు చేసే ఆఫీసులో వెండి చారలది, మా మేనకోడలు సంతకం పెడుతుంటే అందరూ ఆ పిల్లని చూస్తున్నారు, అప్పుడు. మచ్చల మొక్క మాత్రం..." ఇక్కడ కాస్త ఆగింది. "అది మీ గదిలోదే. మీ ముందున్న పెద్ద డాక్టరు కిటికీలోది. ఆయన మొహం తిప్పుకున్నాడు. మంచివాడు."

గోడవార నర్సులు ఇక ఆపుకోలేకపోయారు. ఎక్స్‌రే గది సోవెత్ఖాన్ ఏకంగా, "ఎజే దగ్గర నేను కోలియస్ లాగేశా, నన్ను కూడా రాసుకోండి!" అని అరిచింది. డాక్టర్లలో కూడా ఇద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఒక్క చినారా ఎసెనోవ్నా మొహం మాత్రం చెవుల దాకా ఎర్రబడింది. తనను చూసి నవ్వుతున్నారనుకుంది. కొందరు నిజంగా ఆమెను చూసే నవ్వుతున్నారు. బిష్కెక్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఎవరూ ఆమెతో కలిసి టీ తాగలేదు, ఇప్పుడేమో ఇంత నవ్వు.

"అయితే సరే," అంది చినారా, గొంతు పెంచకుండా. "దొంగసొత్తు ప్రభుత్వ భవనంలో ఉండకూడదు. రేపు సాయంత్రానికి కిటికీలు ఖాళీ కావాలి. నంబర్లు కొట్టేయిస్తాను. మీరిమ్ విషయం వేరు. ఆమె కొమ్మ తీసుకున్నప్పుడు దానికి నంబరుంది. ఆ కాగితం మీద సంతకం నేనే పెట్టుకుంటాను. సోమవారం."

నవ్వు ఠక్కున ఆగిపోయింది. బురుల్‌కాన్ కూర్చోవడం కూడా మర్చిపోయింది. మీరిమ్‌ను బయటపడేద్దామని నోరు తెరిస్తే ఆ పిల్ల ఉద్యోగం పోనే పోయింది, మొక్కలూ పోయాయి.

తలుపు దాటగానే మీరిమ్ ఆమె చెయ్యి పట్టుకుని మెట్ల మలుపులోకి లాగింది. కళ్లల్లో నీళ్లు, కానీ అవి కోపంవి.

"ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని? నేను పోతే ఇంకొకత్తి వస్తుంది తుడవడానికి. ఆ చెట్టు పోతే ఇంకోటి వస్తుందా? ఈ చలిలో బయటికి తీస్తే బతుకుతుందా అది? నా మూలంగా చంపేశారు కదా!"

"నోరు ముయ్యి. మనిషికంటే చెట్టు ఎక్కువా?"

"మీకు ఎక్కువే కదా! ఊరందరికీ తెలుసు!"

బురుల్‌కాన్ ఇంజెక్షన్ల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. బయట వరసలో పిల్లల ఏడుపులు మొదలయ్యాయి.

*

శుక్రవారం ఎండ బాగా వచ్చింది. ఎండ వచ్చిన రోజే మా ఊళ్లో చలి ఎక్కువ. అంబులెన్సు డ్రైవరు కుబాత్, అందరూ బైకే అంటే అన్నా అని పిలిచే మనిషి, వాహనం లోపల హీటరు వేసి వెచ్చబెట్టి, వెనక తలుపుని ఆసుపత్రి వెనక గుమ్మానికి ఆనించి నిలబెట్టాడు. గుమ్మం నుంచి వాహనానికి నాలుగడుగులు. ఆ నాలుగడుగులకే భయం.

బురుల్‌కాన్ ముందురోజు నుంచే మొక్కలకి నీళ్లు పోయడం మానేసింది, తడిమట్టి చలిని తొందరగా పట్టుకుంటుందని. ఒక్కో మొక్క ఆకుల్ని చేత్తో పైకి దువ్వి జడలా కూడదీసి, వార్తాపత్రిక చుట్టి, పైన ఇంకో పత్రిక, పైన పాత దుప్పటి ముక్క, చివరికి కట్టు బాండేజీతో బిగించింది. మీరిమ్ పక్కన కూర్చుని కుండీలు అందిస్తోంది. ఇద్దరి మధ్యా నిన్నటి కోపం ఇంకా ఉంది కానీ చేతులు మాత్రం కలిసి పనిచేస్తున్నాయి. పొట్లాలన్నీ బల్ల మీద వరసగా పెడితే ప్రసూతి వార్డులా కనబడింది.

వరసలో మనవణ్ణి ఎత్తుకుని కూర్చున్న ముసలావిడ ఊరుకోలేదు. "ఎక్కడికి మోస్తున్నారే వీటిని? చలికాలంలో ఇల్లు ఖాళీ చేయిస్తారా ఎవరైనా? పాపం తగుల్తుంది!"

"పైవాళ్ల ఆర్డరు అపా," అంది బురుల్‌కాన్, అమ్మా అన్నట్టు మర్యాదగా.

"పైవాళ్లంటే దేవుడొక్కడే కదే. ఆయన చెప్పి ఉండడు." అంటూనే పక్కనున్న కోలియస్ పొట్లంలోంచి బయటికొచ్చిన కొమ్మ ఒకటి తుంచి తలగుడ్డలో దోపుకుంది. అలవాటు కొద్దీ బురుల్‌కాన్ తల అటు తిరిగిపోయింది.

కొన్ని సోవెత్ఖాన్ ఇంటికి, కొన్ని కుబాత్ బైకే భార్య దగ్గరికి. మిగతావి బురుల్‌కాన్ వంటింట్లో, ఉత్తరం కిటికీ ముందు, కడగని గిన్నెల పక్కన నేల మీద. అక్కడ వెలుగు లేదు. సగం పోతాయని తెలిసే దింపింది. "అమ్మా, పొయ్యి దగ్గరికి ఎలా వెళ్లాలి?" అంది కోడలు. "ఎగిరి వెళ్లు," అంది బురుల్‌కాన్. తర్వాత తనకే బాధేసి రెండు కుండీలు పక్కకి జరిపింది.

క్రోటన్ మాత్రం వాహనం తలుపులో పట్టలేదు. పడుకోబెట్టాలంటే కొమ్మలు విరుగుతాయి. నిలబెట్టాలంటే పైకప్పు తగులుతుంది. ఆఖరి విడత కోసం దాన్ని వరండాలోనే వదిలి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. రోగులు లేరు. ఖాళీ కిటికీ గట్ల మీద కుండీలున్న చోట్ల గుండ్రటి తుప్పు మరకలు. మోకాలు నొప్పితో మెట్టుకొకసారి ఆగుతూ ఎక్కింది బురుల్‌కాన్. జేబులో వంటింటి చాకు. దారిలో వస్తూనే నిర్ణయించుకుంది, చెట్టుని మొదటికంటా కోసేయాలి. కొమ్మలు కోటు లోపల పెట్టుకుని తీసుకెళ్లొచ్చు, ఒంటి వేడికి చావవు. అందులో నాలుగైనా వేరు పడితే చాలు. చెట్టు పోతుంది. ఆ మాట మనసులో అనుకుంటే చాకు జేబులో ఇటుకంత బరువెక్కింది.

వరండా చివర, క్రోటన్ పక్కన ఎవరో ఉన్నారు. చినారా ఎసెనోవ్నా. మీద కోటు, తల మీద టోపీ, భుజాన సంచి, ఇంటికి బయల్దేరిన మనిషి. ఎడమ చేత్తో ఒక కొమ్మ వంచి పట్టుకుంది. కుడిచేతి గోళ్లు కణుపు మీద ఉన్నాయి. కెమెరాకి వీపు పెట్టి నిలబడింది, కానీ చీకటి పడితే ఎదురుగా ఉన్న కిటికీ అద్దం ఆ చేతుల్ని వెనక్కి చూపిస్తుందని ఆమెకి తట్టలేదు.

టిక్‌మంది.

బురుల్‌కాన్ మొహం తిప్పుకోలేదు. మెడ దానంతటదే తిరగబోయింది, పట్టి ఆపుకుంది. ఇంతవరకూ జీవితంలో ఎవరినీ ఇలా చూడలేదు. చూస్తూ నిలబడడం ఎంత మోటుగా ఉంటుందో అప్పుడే తెలిసింది. తనకే సిగ్గేసింది.

చినారా తిరిగింది. కొమ్మ చేతిలోనే ఉంది.

"మా అమ్మ ఎక్కడికెళ్లినా సంచిలో తడిగుడ్డ పెట్టుకునేది," అంది చినారా. ఆ గొంతు పొద్దుట సమావేశాల్లోది కాదు. "పెళ్లికెళ్లినా, చావుకెళ్లినా. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది. నా అద్దె గదిలో..." అని ఆగి, "ఇక్కడ నాకు ఎవరూ లేరు ఎజే," అంది.

ఆ మాటకి బురుల్‌కాన్‌కు జాలేసింది. కాదని అబద్ధమెందుకు, నిజంగానే వేసింది. కానీ ఆ జాలితోనే మొహం తిప్పేసుకుంటే మీరిమ్ సోమవారం రోడ్డున పడుతుంది.

"ఈ చివర పట్టుకోండి," అంది.

"ఏంటి?"

"కొయ్యాలి. ఒక్కదాన్నే కొయ్యలేను, కొమ్మ ఊగుతుంది. పట్టుకోండి."

చినారా తన కొమ్మని సంచి మీద పెట్టి రెండు చేతులా పట్టుకుంది. బురుల్‌కాన్ కోసింది. నిప్పురంగు ఆకులవి, పచ్చసొన ఆకులవి, ఒక్కొక్కటే కిటికీ గట్టు మీద పేర్చింది. కోసిన చోటల్లా పాలు ఊరి కిందికి కారాయి. అడుగున మాను మీదికి చాకు వచ్చినప్పుడు మాత్రం కాసేపు ఆగింది, ఊపిరి తీసుకుంది, మళ్లీ కోసింది. కుండీలో జానెడు మోడు మిగిలింది. కుండీ మీద తెల్ల అంకె అలాగే ఉంది.

"అయ్యో," అంది చినారా తన చేతివంక చూసుకుంటూ. తెల్ల స్వెటరు అంచు మీదికి పాలు కారాయి. "ఇది పోతుందా?"

"పోదు. ఇప్పుడు కనబడదు. రేపటికి గోధుమరంగు తిరుగుతుంది."

"సబ్బుతో కూడానా?"

"దేంతోనూ పోదు." బురుల్‌కాన్ కోటు గుండీలు విప్పి కొమ్మల్ని ఒక్కొక్కటే లోపల, రెండు చంకల కింద సర్దుకుంది. తల ఎత్తకుండానే అంది: "మీరిమ్ సోమవారం పైఅంతస్తు తుడుస్తుంది. మామూలుగానే."

అది ప్రశ్న కాదు. చినారా తలుపు పైనున్న నల్ల గుడ్డు వైపు ఒకసారి చూసింది, బురుల్‌కాన్ వైపు ఒకసారి. బురుల్‌కాన్ తిరిగి ఆమె కళ్లల్లోకే చూసింది, ఇంకెటూ కాదు.

"రమ్మనండి," అంది చినారా.

మొక్కల్ని వెనక్కి తెమ్మని ఆమె అనలేదు. తెస్తానని బురుల్‌కాన్ అడగలేదు. అప్పటికే సగం చల్లగాలి తగిలి ఉంటాయి, మళ్లీ మోస్తే ఉన్నవీ పోతాయి. గుండీలు పెట్టుకుని, బరువెక్కిన రొమ్ముతో గర్భిణిలా ఒక్కో మెట్టూ దిగింది.

కుబాత్ బైకే తలుపు తీసి పట్టుకున్నాడు. "చెట్టేది ఎజే?"

"కోసేశా."

"అయ్యో! మొత్తమా?"

"మొత్తం. పోనియ్యి, కాళ్లు లాగేస్తున్నాయి."

వాహనం కదిలింది. గెలిచినట్టు ఏమీ అనిపించలేదు బురుల్‌కాన్‌కు. ఆ పిల్లకి ఫోను చేసి చెప్పాలి, చెప్తే మళ్లీ చెట్టు కోసం ఏడుస్తుంది, దాన్ని ఓదార్చాలి. అంత ఓపిక లేదు, రేపు చెప్పొచ్చు. కొమ్మల పాలు చొక్కా దాటి ఒంటికి చల్లగా అంటుతున్నాయి. ఉన్నవాటిలో ఇదొక్కటే మంచి చొక్కా.